నీ కాగితం నా దగ్గరుంది

గెడ్డవలస,
చీపురుపల్లి దగ్గర.
13 సెప్టెంబరు 2015

ప్రియమైన ఇంగ్లీషు దొరసానమ్మ షీబాకి,

నీ భవాని రాస్తన్నాది. ఏటే, అలాగ కళ్ళు పెద్దవి సేసి సూస్తన్నావు? ఫోనులుండగా ఈ కాలంలో ఉత్తరమేటి అనుకుంటన్నావా? మీ అరసవల్లి ట్రైనింగు హాస్టలు వోళ్ళు నీ ఫోను బీరువాలో ఎట్టి తాళమేసేసేరని, ఆదివారం అయిదు నిమిషాలు ఇంటివోళ్ళతో తప్ప మాటాడనివ్వరని మీ యమ్మ లీలారాణి పిన్ని సెప్పింది. మూడు నెల్లు గేటు దాటనివ్వరంట. సూడ్డానికి ఎవల్నీ రానివ్వరంట. తెలుగు మాటాడితే మెస్సులో అందరి ముందూ నిలబెట్టి ఇంగ్లీషు పేపరు సదివిస్తారంట. మంచి పని సేసేరు. నాలుగేళ్ళు హాస్టలు రూములో నా సెవి తినేసేవు కదా, ఇప్పుడు నోరు కట్టుకుని కూకో.

మార్చిలో లిస్టులో నీ పేరు వచ్చిన్నాడు నీకు కంగ్రాట్స్ సెప్పనేదు నేను. బస్సుకి టైమైపోతందని ఎల్లిపోయేను. బస్సు ఇంకో గంటకి గాని నేదు. ఆ గంటసేపూ కాంప్లెక్సులో బల్ల మీద కూకుని సెరుకురసం బండి సక్రం తిరగడం సూసేను. ఇప్పుడు సెప్తన్నాను, తీసుకో. కంగ్రాట్స్.

తీసుకున్నావా? ఇప్పుడు నిజం కూడా తీసుకో. నాకు మండిపోతంది షీబా. నాకు ఎనభై రెండు శాతం, నీకు అరవై నాలుగు. నీకు సర్క్యూట్లు నేను సెప్పేను. మ్యాత్స్ త్రీ రెండు సార్లు తప్పేవు, మూడోసారి నేను పక్కన కూకోబెట్టి గట్టెక్కించేను. ఆఖరికి కంపెనీ వోడు నిన్ను తీసుకుని నన్ను ఒగ్గేసేడు. ఎందుకంటే నీకు నోరు తిరిగింది, నాకు తిరగనేదు. ఇద్దరివీ తెలుగు మీడియమే. నీకైతే మీ బాప్టిస్టు సర్చి ఉన్నాది, సండే స్కూలు పాటలున్నాయి, లారీ మీద రాయపూరు దాకా తిరిగొచ్చి హిందీ, ఒరియా, ఇంగ్లీషు మూడూ కలిపి మాటాడే నాన్నున్నాడు. నాకేటున్నాది? గోగు సేను ఉన్నాది.

నేనిప్పుడు చీపురుపల్లిలో ఒక ప్రైవేటు స్కూల్లో ఆరో క్లాసుకి సైన్సు సెప్తన్నాను. ఇంగ్లీషు మీడియం! పుస్తకం ఇంగ్లీషు, పాఠం తెలుగు. పిల్లలకి నాకూ బాగానే కుదిరింది.

మా యమ్మ రోజూ "షీబా ఏటి తింటందో, షీబా ఎలగుందో" అంటాది. నేనెదురుగానే ఉన్నాను, నేనేటి తింటన్నానో అడగదు.

ఉత్తరం రాయి. ఇంగ్లీషులో రాసేవంటే సింపి గెడ్డ నీళ్ళలో పారేస్తాను.

నీ మీద కుళ్ళిపోతన్న,
దుర్గాభవాని


అరసవల్లి,
శ్రీకాకుళం.
22 సెప్టెంబరు 2015

ప్రియమైన నా భవానికి వందనాలు.

నీ ఉత్తరం చూసి ఏడ్చాను, నవ్వాను, మళ్ళీ ఏడ్చాను. మెస్సులో వంట చేసే దానమ్మగారు కొంగులో దాచి తెచ్చి ఇచ్చారు. నేను రాసేవి కూడా ఆవిడే డబ్బాలో వేస్తారు. ఆవిడ ఒక్కరికే ఇక్కడ తెలుగు మాట్లాడే హక్కు ఉంది. అందుకే అందరం ఏదో ఒక వంక పెట్టుకుని వంటగదిలోకి దూరతాం, ఉప్పు కావాలని, గ్లాసు కావాలని.

ఇది పాత లాడ్జి. పదహారు గదులు, అరవైమంది. పొద్దున్న లేవగానే అద్దం ముందు నిలబడి నోరు తెరవాలి. పద్మజ మేడమ్ అని ట్రైనర్, నాలుక ఎక్కడ పెట్టాలో చాక్‌పీసుతో బోర్డు మీద బొమ్మ గీసి చూపిస్తారు. మనుషులతో మాట్లాడితే సరిపోయే దానికి ఇంత కసరత్తా అనిపిస్తుంది. నువ్వు అనుకున్నంత సుఖంగా ఏమీ లేను.

భవానీ, చర్చి వల్ల నాకు ఇంగ్లీషు రాలేదు. మా చర్చిలో పాటలు తెలుగులోనే పాడతామని నీకు తెలుసు. క్రిస్మస్‌కి మాతో వచ్చి పాడావు కూడా. నాకు వచ్చిన ఇంగ్లీషు శాంతికుమార్ సారు జంట పద్ధతి వల్ల వచ్చిందే. ఆ రోజులు గుర్తున్నాయా? ఇంటర్వ్యూలో చెప్పే మన పరిచయం మనం తెలుగులో రాసుకోవాలి, సారు ఇంగ్లీషు చేస్తారు. తర్వాత ఎవరి కాగితం వాళ్ళ దగ్గర ఉండకూడదు. నీ కాగితం నా చేతిలో, నా కాగితం నీ చేతిలో. నువ్వు చెప్తూ ఆగిపోతే నేను అందించాలి, నేను ఆగితే నువ్వు. రెండు వందల సార్లు చెప్పుకుని గోడ మీద బొగ్గుతో గీతలు గీసుకున్నాం. వార్డెన్ తిట్టింది. నీ కాగితం ఇంకా నా ఫైల్లోనే ఉంది.

నీ కాగితం చాలా మంచిది భవానీ. మీ నాన్న, మా బాబాయి, నడుం లోతు నీళ్ళలో నిలబడి గోగునార తీయడం, ఆ చేతులతోనే నీ స్కాలర్‌షిప్ ఫారం మీద సంతకం పెట్టడం, ఫారానికి ఊరిన గోగు వాసన పట్టేసిందని గుమస్తా మొహం తిప్పుకోవడం, ఆ ఫారమే నిన్ను ఇంజనీరుని చేయడం. మళ్ళీ ఇంటర్వ్యూ అంటూ వస్తే అదే చెప్పు. ఒక్క మాట కూడా మార్చకు. నామీద ఒట్టు.

ఆ రోజు బయటికి వచ్చి "రెండో ప్రశ్నకి ఆగిపోయేను" అని ఒక్క మాట అన్నావు. ఏ ప్రశ్న అది? నువ్వు వేరే గదిలో, నేను వేరే గదిలో. నాకు తెలియాలి. తప్పకుండా రాయి.

బాబాయి గోగు కోశారా?

దేవుడు నిన్ను దీవించాలి.
నీ షీబా


గెడ్డవలస
4 అక్టోబరు 2015

షీబమ్మకి,

నీ తెలుగు కూడా ఇస్త్రీ సేసేసేరేటే? "ఏడ్చాను", "తెచ్చి ఇచ్చారు" అంట. సాలూరు లారీ షెడ్డుల్లో పుట్టిన గుంట రాసే మాటలా ఇవి? నా ఉత్తరం పక్కన నీ ఉత్తరం ఎట్టుకుని సూసుకుంటే నాకే సిగ్గేసింది. అది కూడా నీ మీద రాసుకున్నాను, మొత్తం లెక్క తేల్చుతాను ఒకరోజు.

మళ్ళీ ఇంటర్వ్యూ ఉన్నాది. నవంబరు ఇరవై రెండున, ఆదివారం, విజయనగరంలో. పది కాలేజీల వోళ్ళకి కలిపి పెడతన్నారు. ఇదే ఆఖరు. ఇది పోతే ఇంక మా ఏడాది వోళ్ళని ఎవలూ పిలవరు, కొత్త బేచ్ వచ్చేస్తాది. నేను జీవితమంతా ఆరో క్లాసుకి మొక్కలో భాగాలు సెప్పుకుంటా కూకోవాలి. అందుకే ఒళ్ళు దగ్గర పెట్టుకుని సదువుతన్నాను.

నా కాగితం గురించి సెప్పకు. ఆ కంపు కత నేను సెప్పను. రాజాంలో జెరాక్సు షాపులో సెల్ఫ్ ఇంట్రడక్షన్ కాగితాలు అమ్ముతన్నారు. "నా బలం కష్టపడి పనిసేయడం, నా బలహీనత కష్టపడి పనిసేయడం" అని ఉన్నాది. అదే బట్టీ పడతన్నాను. దాంట్లో నాన్న ఏటి సేస్తాడో ఉండదు. సుఖం.

నీకు సెప్పడం తేలికే. ఉజ్జోగం వచ్చినోళ్ళందరూ రానోళ్ళకి సలహాలిస్తారు. ఆ జెరాక్సు షాపు వోడు కూడా ఇచ్చేడు.

రెండో ప్రశ్న ఏటో నీకెందుకు? నీకు ఉజ్జోగం వచ్చింది కదా, దాంతో సరిపెట్టుకో. ఇంకోసారి అడిగితే ఉత్తరాలు మానేస్తాను.

మొన్న మా వీధిలో అసిరమ్మ గోరు అడిగింది, "నీతో వచ్చేదే, నవ్వుమొగం పిల్ల, దానికి పెద్ద ఉజ్జోగమంటగా, మరి నీకో?" అని. నేను "నాకు మాట్లాట్టం రాదమ్మా" అన్నాను. "అదేటి, ఇప్పుడు మాటాడేవు కదా" అంది. ఏటి సెప్పను ఆవిడికి?

గోగు ఇంకా కొయ్యనేదు. ఈ వారంలోనే కోసి నీళ్ళలో ఏస్తారు. నీకెందుకో మా గోగు మీద అంత బెంగ.

భవాని


అరసవల్లి
14 అక్టోబరు 2015

ప్రియమైన భవానీ,

కోప్పడకు. ఇంక ఆ ప్రశ్న గురించి అడగను.

ఒక సాయం కావాలి. బాబాయి ఫొటో ఒకటి పంపుతావా? మామూలు ఫొటో కాదు. గోగు ఊరబెట్టినప్పుడు మడుగులో నిలబడి నార తీస్తారు కదా, అలా. ఎందుకు అని అడగకు. ఇక్కడ, ఏమంటే, ఇంటివాళ్ళ ఫొటోలు గోడకి పెడుతున్నారు. నాకు మీ ఇల్లు కూడా ఇల్లే కదా. సెకండియర్ సెలవుల్లో నేనూ ఆ మడుగులో దిగాను, బాబాయి నా చేత నార తీయించారు, గుర్తుందా? నువ్వు గట్టు మీద గొడుగు వేసుకుని నిలబడి ముక్కు మూసుకున్నావు.

పిన్నికి నా ముద్దులు. చోడి అంబలి తాగాలని ఉంది. ఇక్కడ పొద్దున్న బ్రెడ్డు పెడతారు, అలవాటు కావాలట.

నీ కాగితమే చెప్పు భవానీ. జెరాక్సు కాగితం చెప్పకు. నేను ఇంతకన్నా ఏం చెప్పలేను ఇప్పుడు.

నీ షీబా


గెడ్డవలస
27 అక్టోబరు 2015

షీబాకి,

ఫొటో పంపుతన్నాను. దీని వెనకాల ఎంత కత నడిసిందో విను.

మా నాన్న నీ పేరు సెప్పగానే ఉతికిన సొక్కా ఏసుకుని, తల దువ్వుకుని కుర్చీలో కూకున్నాడు. "కాదు నాన్నా, నీళ్ళలో దిగి నార తీస్తంటే కావాలంట" అన్నాను. "ఆ గుంటకి నన్ను బురదలో సూడాలని ఉన్నాదేటి?" అని ఒకటే నవ్వు. మళ్ళీ సొక్కా విప్పి, తలకి తువ్వాలు సుట్టి దిగేడు. నా ఫోనుతో తీసి చీపురుపల్లి స్టూడియోలో కడిగించేను. నాలుగు రోజుల్నించి పొద్దున్నా సాయంత్రం అడుగుతన్నాడు, "షీబాకి పంపేవా? ఎప్పుడు సేరతాది?" అని. నా ఇంటర్వ్యూ ఎప్పుడో ఆయనకి గుర్తు నేదు. నీ ఫొటో గుర్తున్నాది.

నీకు ఉజ్జోగం ఉన్నాది, ఇంగ్లీషున్నాది. మా నాన్నని కూడా నీకే ఇచ్చేసి సేతులు దులుపుకోమంటావా? ఓలమ్మ, నిన్ను తలుసుకుంటే నాకు ఇప్పుడు సక్కగా నిద్ర కూడా పట్టదు. నువ్వు బాగుండాలి. నాకన్నా ఒక మెట్టు కిందన బాగుండాలి. అంతే నా కోరిక. ఇలాంటి మాటలు నీకు కాక ఇంకెవలికి సెప్పుకోను?

గొడుగు సంగతి ఎందుకు తీసేవు? నాకు మా సెడ్డ కోపమొచ్చింది.

భవాని


అరసవల్లి
6 నవంబరు 2015

భవానీ,

ఈ ఉత్తరం నాలుగు సార్లు రాసి చింపేశాను. ఇంటర్వ్యూకి ముందే నీకు చేరాలి. చదివి, కూర్చుని, మళ్ళీ చదువు.

మార్చిలో ఆ గదిలోకి వెళ్ళాను. ఏసీ గది, ముగ్గురు, ముందర నీళ్ళ గ్లాసులు. "టెల్ అస్ అబౌట్ యువర్సెల్ఫ్" అన్నారు. నా కాగితం, సాలూరు, మా నాన్న విక్టర్, లారీ, ఏదీ రాలేదు. అన్నీ ఎగిరిపోయాయి. నా చేతిలో రెండు వందల సార్లు ఉన్నది నీ కాగితం. అదే నోట్లోకి వచ్చేసింది. "మై ఫాదర్ ఈజ్ ఎ గోగు ఫార్మర్" అన్నాను.

మొదటి వాక్యం భయంతో వచ్చిందే. రెండో వాక్యం దగ్గర ఆగి "సారీ సార్" అని ఉండొచ్చు. మధ్యలో కూర్చున్నాయన చేతిలో పెన్ను కింద పెట్టి నావైపు చూశాడు. అప్పటిదాకా ఆయన ఎవరివైపూ చూడలేదట. అది చూసి నేనే చెప్పుకుంటూ పోయాను. దొంగతనమే అది. గోగు కట్ట ఊరిందని ఎలా తెలుస్తుంది అని అడిగారు. బొటనవేలితో నొక్కితే తొక్క జారుతుంది అన్నాను. బాబాయి నేర్పిందే. నీళ్ళు ఎంత లోతు, ఎన్నాళ్ళు, చేతుల వాసన ఎన్ని రోజులకి పోతుంది, అన్నీ చెప్పాను. నాకు ఉజ్జోగం అలాగ వచ్చింది.

నువ్వు పక్క గదిలో అదే కత చెప్పుంటావు. సాయంత్రం రెండు గదులవాళ్ళూ కలిసి కూకుని కాగితాలు చూసుకుంటారు కదా. ఒకే కాలేజీ, ఒకే కత, ఇద్దరమ్మాయిలు. ముందు చెప్పినదాన్ని నమ్మి, నిన్ను దొంగ అనుకుని నీ పేరు కొట్టేసుంటారు. నీ ఉజ్జోగం నేను తినేసేను భవానీ. అందుకే అన్నిసార్లు అడిగేను రెండో ప్రశ్న ఏటని. "ఇది ఎవరి దగ్గర నేర్చుకున్నావ్" అని అడిగేరేమోనని. ఏడు నెలలుగా నాకు అన్నం దిగట్లేదు.

ఇంకా ఉంది. ఇక్కడికి వచ్చాక కంపెనీవాళ్ళు నా కత బాగుందని, ఆఖరి రోజు డిసెంబరు ఆరున జరిగే తల్లిదండ్రుల సభకి గేటు దగ్గర ఫ్లెక్సీ కట్టిస్తామన్నారు. ఫాదర్ ఫొటో తెమ్మన్నారు. అందుకే నిన్ను అడిగాను. నిన్న కట్టేసేరు. బాబాయి నీళ్ళలో, పక్కన నేను టై కట్టుకుని. కింద "రైతు బిడ్డ షీబా" అని ఇంగ్లీషులో. మా నాన్నకి ఆదివారం ఫోను చేసి, సభకి ఎవర్నీ రానివ్వట్లేదు నాన్నా అని చెప్పేను. "సర్లే తల్లీ, ప్రార్థన చేసుకుంటాను" అన్నాడు. నా నోటితో నేనే మా నాన్నని లేకుండా చేసేసుకున్నాను.

కంపెనీకి చెప్తే తీసేస్తారని భయం. చెప్పకపోతే అద్దంలో నా మొహం చూసుకోలేకపోతన్నాను, రోజూ పొద్దున్న చూసుకోవాలి కదా ఇక్కడ.

నువ్వు ఇంటర్వ్యూలో నీ కాగితమే చెప్పు. అది మంచి కాగితం. ఓడింది నీ ఇంగ్లీషు కాదు.

షీబా


అరసవల్లి
18 నవంబరు 2015

భవానీ,

దానమ్మగారిని రోజూ అడుగుతన్నాను. ఏమీ రాలేదంటున్నారు. తిట్టు. నాలుగు పేజీలు తిట్టు. రాయకుండా మాత్రం ఉండకు. ఆదివారం నీ ఇంటర్వ్యూ, నేను ఉపవాసం ఉంటాను.

షీబా


సాలూరు
24 నవంబరు 2015

ప్రియమైన షీబా,

పై మాట సదివేవా? సాలూరు. మీ ఇంట్లో, మీ వరండాలో, నీ పాత కుర్చీలో కూకుని రాస్తన్నాను. కుర్చీకి ఒక కాలు ఊగుతంది, అట్టముక్క ఎట్టేను.

నీ ఉత్తరం సదివి మొదట నేనేటి సేసేనో సెప్తాను. మీ కంపెనీకి ఉత్తరం రాసేను. ఇంగ్లీషులో, డిక్షనరీ పక్కనెట్టుకుని, రెండు పేజీలు. దొంగ అని రాసేను, మోసం అని రాసేను. కవరు మీద అడ్రెసు కూడా రాసేను. రెండు రోజులు బ్యాగులో తిప్పేను. పోస్టు డబ్బా ముందు నిలబడ్డాను కూడా.

పోస్టు సెయ్యనేదు. నీ మీద జాలితో అనుకోకు. నేను నీకన్నా పెద్ద దొంగని.

రెండో ప్రశ్న అడిగేవు కదా. ఇప్పుడు సెప్తన్నాను. "మీ నాన్నగారు ఘాట్ రోడ్డు మీద బండి ఎలాగ దించుతారు?" అని అడిగేరు.

అర్దమయ్యిందేటి? ఆ గదిలో నేను మా నాన్న గురించి సెప్పనేదు. నీ కాగితం సెప్పేను. "మై ఫాదర్ ఈజ్ ఎ లారీ డ్రైవర్ ఫ్రమ్ సాలూరు" అన్నాను. నీలాగ భయంతో కాదు. కావాలనే సెప్పేను. లోపలికి ఎల్లేముందే అనుకుని ఎల్లేను.

ఎందుకంటావా? సెకండియర్‌లో మా నాన్న గోగు పని మధ్యలో హాస్టలుకి బియ్యం మూట తెచ్చేడు. ఆ వాసనకి పిల్లలంతా ముక్కులు మూసుకున్నారు. "ఎవరే?" అని అడిగితే మా కంబారి అన్నాను. మా పొలంలో పనోడు అని. ఆయన విన్నాడో నేదో ఈరోజుకీ నాకు తెలీదు. నువ్వు ఎదురెల్లి మూట పుచ్చుకుని, "రండి బాబాయ్" అని నీళ్ళిచ్చేవు. ఆ నెల్లోనే మీ నాన్న లారీ ఆపుకుని వచ్చేడు. ఫేంటూ సొక్కా, సేతికి గడియారం, ఫోనులో హిందీ. అందరికీ బిస్కట్లు పంచేడు. అప్పట్నించి నాకు మంట షీబా. నీ ఇంగ్లీషు మీద కాదు. నీ నాన్న మీద. ఆ ఏసీ గదిలోకి మా నాన్నని తీసుకెల్తే అక్కడ కూడా వాసనొస్తాదని భయమేసింది. నీ నాన్నని తీసుకెల్లేను.

మొదటి రెండు నిమిషాలూ బాగా సెప్పేను. నా సేతిలో రెండొందల సార్లున్న కాగితం కదా. తరవాత ఘాట్ గురించి అడిగేరు. నాకేటి తెలుసు? నాలుగేళ్ళలో పది సార్లు పిలిసేవు సాలూరికి. ఒక్కసారీ రానేదు. నువ్వు మా మడుగులో దిగేవు, మా నాన్న దగ్గర నేర్సుకున్నావు, వోళ్ళు ఏటి అడిగినా సెప్పగలిగేవు. నేను నీ నాన్నని దూరం నించి సూసి కుళ్ళుకున్నానే గాని ఆయన గేరు ఎలాగ మారుస్తాడో కూడా తెలీదు. సారీ సార్ అనేసి వచ్చేసేను. ఎనిమిది నెలల్నించి ఇంగ్లీషు రాక పోయిందని ఊరంతా సెప్పుకున్నాను, నిన్ను తిట్టుకున్నాను. నా ఉజ్జోగం నువ్వు తిన్లేదు. నేనే పారేసుకున్నాను.

నీ ఉత్తరం సదివేక ఏడుపు రానేదు, మంటే వచ్చింది. మా నాన్న కత నేను సిగ్గుపడి దాసుకుంటే నువ్వు సెప్పి నెగ్గేవు. ఆ పెన్ను కింద పెట్టినాయన నావైపు సూడాల్సింది. నా కత అది! అలాగ అనుకుంటానే జెరాక్సు కాగితం సింపేసేను.

ఆదివారం విజయనగరం ఎల్లేను. ఇద్దరున్నారు. మా నాన్న గోగు రైతు అని మొదలెట్టేను. మూడో వాక్యానికి కాగితం మర్సిపోయేను. అందించడానికి నువ్వు నేవు. పోన్లే అని నా నోటికొచ్చిన ఇంగ్లీషు మాటాడేను. గ్రామరు నేదు, పాడూ నేదు, సేతుల్తో నార తీసి సూపించేను. ఆయన్ని పనోడన్నాను అని కూడా సెప్పేసేను. ఎందుకు సెప్పేనో తెలీదు, వచ్చేసింది. ఒకావిడ నీళ్ళ గ్లాసు నావైపు తోసింది. నేను మాటాడిన తప్పులు వోళ్ళు ఏరుకోవాలంటే సాయంత్రమయ్యేది.

లిస్టులో ఆరో పేరు నాది. నీ కంపెనీ అంత పెద్దది కాదులే. ఆ మంట వేరేగా ఉన్నాది, తరవాత రాస్తాను.

ఇంటికెల్లి మా నాన్నకి కాగితం మొత్తం తెలుగులో సదివి వినిపించేను. ఫారం సంగతి, పనోడన్న సంగతి, అన్నీ. అంతా విన్నాడు. ఆఖరికి "నాకప్పుడే తెలుసమ్మా, ఆ గుంట నీళ్ళిచ్చింది కదాని ఊరుకున్నాను" అన్నాడు. నేను లోపలికెల్లి ఏడిసేను.

స్కూల్లో సెలవెట్టి పొద్దున్న బస్సుకి సాలూరు వచ్చేను. షెడ్డులో మీ లారీ సూసేను. దాని నుదుటి మీద పెద్దక్షరాల్తో నీ పేరు రాసున్నాది. షీబా, పక్కన పావురం బొమ్మ. ఏడేళ్ళ కిందట రాయించేరంట. ఎప్పుడైనా నాకు సెప్పేవేటే? నా పేరు గోగు కట్టల మీద ఎవలు రాస్తారు? మళ్ళీ మండింది నాకు. మీ నాన్న నన్ను ముందు సీట్లో కూకోబెట్టి ఘాట్ ఎలాగ దించాలో గంటసేపు సెప్పేడు. రెండో గేర్లో ఎక్కితే రెండో గేర్లోనే దిగాలంట, బ్రేకు మీద కాలెట్టి కూకోకూడదంట. ఇప్పుడు ఆ ప్రశ్న అడగమను నన్ను.

సభకి అందర్నీ రానిస్తన్నారని ఆయనకి సెప్పేసేను. షీబాకి తప్పు తెలిసిందంకుల్ అన్నాను. ఎంత సంబరపడ్డాడో సెప్పలేను, పిన్ని అప్పుడే సొక్కా ఇస్త్రీకి పంపింది. ఫ్లెక్సీ సంగతి మాత్రం సెప్పనేదు. అది నువ్వే సెప్పాలి.

డిసెంబరు ఆరున మీ నాన్న లారీ తీస్తాడు. చీపురుపల్లిలో మా నాన్నని ఎక్కించుకుంటాడు. నేనూ వస్తాను. ముగ్గురం ఆ గేటు దగ్గర ఫ్లెక్సీ కిందే దిగుతాం. మీ కంపెనీ వోళ్ళు, పద్మజ మేడమ్, అరవైమందీ అక్కడుంటారు కదా. ఇద్దరు నాన్నల్లో ఎవలు ఎవల నాన్నో నువ్వు వోళ్ళకి సెప్పు. ఇంగ్లీషులోనే సెప్పు. ఉజ్జోగం తీసేస్తే లారీలో నలుగురం కలిసే వెనక్కొచ్చేద్దాం, ఆరో క్లాసుకి ఇంకో టీచరు కావాలంటన్నారు.

భయపడకు. నీ కాగితం నా దగ్గరుంది. మధ్యలో ఆగిపోతే పక్కనుండి అందిస్తాను.

నీ,
దుర్గాభవాని
గోగు రైతు నారాయణమూర్తి కూతురు